అరబా చేసిన వాకౌట్

చేపల రేవులో అరబా నోటికి ఎదురు లేదు. పడవల వాళ్లతో బేరమాడాలన్నా, దళారులను నిలబెట్టి కడిగెయ్యాలన్నా ఆవిడే. చేపలు పొగబెట్టే ఆడవాళ్లంతా కలిసి ఆవిణ్ణి జిల్లా అసెంబ్లీకి పంపింది ఆ నోరు చూసే.

తీరా అక్కడికి వెళ్లాక ఆ నోరు మూతబడింది. సభలో మాటలన్నీ ఇంగ్లీషులో నడిచేవి. పక్క కుర్చీలో కూర్చునే క్వామెనా మాస్టారు జరిగేదంతా తమ ఫాంటీ భాషలో చెవిలో ఊదుతుంటే ఎలాగో నెట్టుకొచ్చేది. ఆయన జ్వరంతో రాని రోజున మాత్రం గొర్రెదాటే గతి. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొడితే తనూ కొట్టేది, చెయ్యెత్తితే తనూ ఎత్తేది.

అలాంటి రోజునే రేవుకు మంచినీళ్ల పైపు వేసే విషయం సభకు రావలసి ఉంది. అంతకు ముందే ఏదో లెక్క మీద గొడవ లేచింది. అరబా వరుసలోని వాళ్లంతా గట్టిగా అరిచి, కుర్చీలు వెనక్కి నెట్టి, బయటికి నడిచారు. భోజనాల వేళయిందనుకుని ఆవిడ కూడా సంచీ అందుకుని వాళ్ల వెంట వచ్చేసింది.

వరండాలో అన్నం జాడ లేదు. రేడియో విలేకరి ముందు అందరూ పిడికిళ్లు బిగించి నిలబడ్డారు. పక్కనున్న తోటి సభ్యుడు అటోను, ఇదంతా ఏమిటని మెల్లగా అడిగింది.

"వాకౌట్ చేశాం అక్కా."

"అంటే?"

"అంటే... కోపమొచ్చి బయటికొచ్చేయడం."

"నాకు కోపం రాలేదు కదరా!"

గబగబా వెనక్కి వెళ్లింది. తలుపు దగ్గరి బంట్రోతు అడ్డం నిలిచి, కోరం లేక సభ ఆగిపోయిందని, మిగిలిన విషయాలన్నీ వచ్చే ఏడాదికేనని చెప్పాడు. అరబాకు తల కొట్టేసినట్టయింది.

ఊరికి ఆవిడకన్నా ముందే రేడియో కబురు చేరింది. సభను ధిక్కరించి బయటికొచ్చిన ధీరుల్లో తమ అరబా పేరు వినబడేసరికి, ఆడవాళ్లు తెల్ల చేతిరుమాళ్లు ఊపుతూ ఎదురొచ్చారు. గెలిచొచ్చినవాళ్లకు చేసినట్టు ముఖానికీ మెడకూ పౌడరు అద్ది, పాడుతూ ఇంటిదాకా నడిపించారు. అప్పుడే చెప్పెయ్యాలనుకుంది. ఆ పాటల మధ్య తల వంచుకుని వాళ్ల వెంట నడిచింది. ఇంట్లోకి వెళ్లి ఆ పౌడరు ఎంత కడుక్కున్నా పోయినట్టనిపించలేదు.

మంగళవారం వేటకు సెలవు. ఆడవాళ్లంతా పొగపొయ్యిల దగ్గర చేరాక అరబా లేచి నిలబడింది. "నేను కోపంతో రాలేదమ్మా. భోజనానికి లేచారనుకున్నాను. మన పైపు సంగతి ఎత్తకముందే లేచొచ్చేశాను," అంది.

రేవులో అందరికన్నా పెద్దదైన ఎసుమన్వా ముసలమ్మ నోరు విప్పింది.

"తెలీకపోతే అడగొచ్చు కదే. మా ముందు ఇంత నోరేసుకుని పడతావు, అక్కడేమైంది?"

"సిగ్గేసింది పెద్దమ్మా."

"ఎవరి ముందు? ఆ ఇంగ్లీషు ముందా? మరి మన పిల్లలు బిందెలు మోస్తుంటే వెయ్యదా సిగ్గు?"



ఆ తరవాతి సమావేశంలో ఆవిడ లేచి, తనకు అర్థమయ్యే మాటలో చెప్పాలని ఫాంటీలోనే అడిగింది. కొందరు నవ్వారు. నవ్వనీ అని నిలబడే ఉంది. అధ్యక్షుడు విసుక్కుంటూనే ఒక గుమాస్తాను ఆవిడ పక్కన కూర్చోబెట్టాడు. పైపు మరుసటి ఏడాది వచ్చింది. అందాకా బిందెలెత్తుకున్న పిల్లలు తన పొయ్యి ముందునుంచి వెళ్లినప్పుడల్లా అరబా తలెత్తకుండా కట్టెలు ఎగదోసుకుంటూ కూర్చునేది.

ఆ రేవులో ఇప్పుడు ఎవరైనా సంగతేమిటో తెలియకుండా సగంలో లేచిపోతే, వాకౌట్ చేసిందంటారు. అరబా ఎదుటా అంటారు. అందరితోపాటు తనూ నవ్వుతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా.