టక్కుమని ఆగిన ఏసీ

అన్నయ్య ఈమధ్య కొన్న పాత కారులో ఈ రోజు మేమిద్దరం తెనాలి నుంచి రేపల్లెకు, నా మనవరాలి బాప్తిస్మానికి బయలుదేరాము. భట్టిప్రోలు దగ్గర ఏసీ టక్కుమంది, చల్లదనం తగ్గింది. అన్నయ్య కారు పక్కకు తీశాడు.

"కంప్రెసర్ పోయిందే! వెనక్కెళ్లి మెకానిక్కుకి చూపిద్దాం."

వెనక్కి వెళితే బాప్తిస్మం అందదు.

"పోలేదు అన్నయ్యా. లోపల బాగా చల్లబడితే కంప్రెసర్ అదే ఆగుద్ది, వేడెక్కితే మళ్లీ అందుకుంటది. కాసేపు చూడు."

"ఐదో క్లాసు దాటలేదు, నీకెవరు చెప్పారే?"

"మా ప్రసాదు."

ప్రసాదు నా కొడుకు, కార్ల ఏసీలు బాగుచేసేవాడు. పోయి రెండేళ్లయింది.

ఇంతలో మళ్లీ టక్కుమంది. ఇంజను కాస్త బరువుగా మూలిగి, చల్లగాలి వచ్చింది. రేపల్లె దాకా అది టక్కుమన్నప్పుడల్లా అన్నయ్య, "అదిగో, మేనల్లుడు చెప్పినట్టే" అంటూనే ఉన్నాడు. వాడిది జిడ్డు పని అని తిట్టింది ఈయనే.

బాప్తిస్మం అందింది, నాకు కడుపు నిండింది. మీ ఇళ్లలోనూ పిల్లల మాట ఇంత ఆలస్యంగానే వింటారా?