పెద్దింట్లమ్మ, వీపు కాలే దీపం

కడియపులంకలో పెద్దింట్లమ్మ నోట్లో పడని మొక్క లేదు. నీళ్ళు పోస్తూ తిట్టేది, కత్తెర వేస్తూ తిట్టేది. ఒక్క మొక్కని మాత్రం ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. అది ఆమె భర్త చంద్రరావు చేతిలో పుట్టిన పసుపు మందారం. ఏ పువ్వు పుప్పొడి ఏ పువ్వుకి అద్దాడో ఎవరికీ చెప్పకుండానే పోయాడు మహానుభావుడు. ముద్దపువ్వు, గుడ్డుసొన రంగు, నడుమ కుంకుమ దిద్దినట్టు ఎర్రని కన్ను. చుట్టుపక్కల ఏ నర్సరీలోనూ అలాంటిది లేదు. అంటు కట్టి ఇమ్మని ఎవరైనా అడిగితే, "మా ఆయన్ని కూడా అంటుకట్టి ఇమ్మంటారేంటండి?" అనేది. అడిగినవాళ్ళు మళ్ళీ అడిగేవారు కాదు.

ఆ ఏడు శ్రావణంలో పట్టిన వానకి తోటలో నీళ్ళు నిలిచిపోయాయి. అవి లాగేసరికి మందారం వేళ్ళు కుళ్ళాయి. ఇంకా పచ్చిగా ఉన్న కొమ్మలు కోసి, నాటు మందారం మొదళ్ళ మీద అంట్లు కట్టింది. బయట పెడితే తడికి బూజు. గదిలో పెడితే వెలుతురు లేదు. భాద్రపదం వచ్చినా ముసురు వదల్లేదు. ఒక్కొక్క అంటూ పాలిపోయి ఆకు రాల్చింది. చివరికి మూడే మిగిలాయి.

ట్యూబ్‌లైటు కింద పెట్టి చూసింది, చాల్లేదు. పెద్ద బల్బు వేలాడదీసింది, ఆకుల అంచులు అప్పడంలా మాడాయి. అప్పుడు రాజమండ్రిలో టీవీలు బాగుచేసే మరిది వీరబ్రహ్మానికి కబురు పెట్టింది. బ్రహ్మానికి పని బాగానే వచ్చు, దాన్ని గురించి చెప్పుకోవడం ఇంకా బాగా వచ్చు.

వస్తూనే జేబులోంచి మిణుగురుల్లాంటి చిన్న దీపాలు తీశాడు.

"ఇవి వినాయకచవితి పందిరికి కట్టేవి కదయ్యా. నా మొక్కకి పెళ్ళి చేస్తున్నావా?"

"ఇవి చూపడానికి తెచ్చానండి వదినా. జాతి ఇదే, ఎల్‌ఇడి అంటారు. మనకి కావలసినవి వీటికి పెద్దన్నలు. చెన్నై నుంచి తెప్పిస్తున్నాను. ఎరుపు కొన్ని, నీలం కొన్ని. ఆకు ఎక్కువగా తినేది ఆ రెండు రంగులే."

"వేడి?"

"మొక్క మీద పడదు. దీనికి ముఖం చల్లన, వీపు వేడి. ఆ వీపు వేడి లాగెయ్యకపోతే దాన్ని అదే కాల్చుకుంటుంది."

అనుకున్నట్టే తయారుచేశాడు. పాడైన ఆంప్లిఫయరు నుంచి ఊడదీసిన అల్యూమినియం రెక్కల దిమ్మకి అడుగున దీపపు చుక్కలు బిగించాడు. ఒక్కో చుక్కకీ దిమ్మకీ మధ్య తెల్లటి ముద్ద పల్చగా పూశాడు. "దోసెకి నెయ్యిలా దట్టంగా రాయకూడదండి, దట్టమైతే వేడి దాటదు," అని పాఠం చెప్పాడు. కరెంటు కొలిచి పంపడానికి ఎరుపు వరసకో డబ్బా, నీలం వరసకో డబ్బా పెట్టాడు. దిమ్మ మీద పాత కంప్యూటరు ఫ్యాను. ఇనప స్టాండుకి మొత్తం వేలాడదీసి స్విచ్చి వేస్తే గదంతా వంగపండు రంగు తిరిగింది.

"రోజూ రెక్కల మీద చెయ్యి పెట్టి చూడండి. ఉంచగలిగితే బాగున్నట్టు. లాగేసుకోవాలనిపిస్తే వెంటనే ఆపెయ్యండి."

పెద్దింట్లమ్మ పొద్దునా సాయంత్రం దిమ్మ మీద చెయ్యి పెట్టేది, జ్వరం వచ్చిన పిల్ల నుదుటి మీద పెట్టినట్టు. మూడు అంట్లూ నిలబడ్డాయి. ఒకదానికి చిగురు ముడి ఉబ్బింది.

అంతలో దసరా వచ్చింది.

ఆయుధపూజకి ఆ ఇంట్లో లోటు చెయ్యరు. అంటుకత్తి, కత్తెర, మందు కొట్టే డబ్బా, నీళ్ళ మోటారు, అన్నీ కడిగి పసుపు రాసి బొట్లు పెట్టింది. మోటారుకి దండ వేసింది. ఇంతటి ఉపకారం చేస్తున్న దీపాన్ని ఉత్తి మెడతో ఉంచడం ఆమెకి మనసొప్పలేదు. అరటినారతో గుచ్చిన బంతిపూల దండ, బొద్దుది, లారీ ముందు భాగానికి వేసినట్టు ఫ్యానుని కప్పేలా దిమ్మ మీద వేసింది. దణ్ణం పెట్టి గారెలు వండుకోవడానికి వెళ్ళింది.

మూకుడు దించేసరికి ఏదో వాసన. ఉడికిన బంతిపూల వాసన. గదిలోకి పరిగెత్తింది. ఎరుపు ఆరిపోయింది, నీలం ఒక్కటే వెలుగుతోంది. ఫ్యాను తిరగడం లేదు, గింజుకుంటూ మూలుగుతోంది. దిమ్మ మీద పెట్టిన వేలు చురుక్కుమని వెనక్కొచ్చింది.

స్విచ్చి ఆపింది. దండ లాగితే తెగింది. ఫ్యాను ఇరుసుకి అరటినార చుట్టుకుని ఉంది. దాన్ని తీసేసి, చల్లారాక మళ్ళీ వేసి చూసింది. ఫ్యాను తిరిగింది. నీలం వెలిగింది. ఎరుపు వెలగలేదు.

బ్రహ్మం కొవ్వూరులో అత్తారింట్లో ఉన్నాడు. ఫోన్లో, "ఎర్రవి ఆరిపోయినియ్యి, రా," అని పెట్టేసింది. దండ తీసుకెళ్ళి ఎరువు గుంటలో వేసి, పైన మట్టి కప్పింది.

మర్నాడు పొద్దున్నే గోదావరి వంతెన దాటి వచ్చాడు. పండగ చొక్కా, పండగ మొహం.

"ఏమైంది వదినా?"

"కరెంటు పోటెత్తింది కాబోలు. మన కరెంటు సంగతి తెలియంది ఏముంది?"

బ్రహ్మం మొహం మారింది. "అయితే డబ్బా పోయినట్టే. పోతూ పోతూ చుక్కలన్నిటినీ దెబ్బ కొట్టే ఉంటుంది. మీటరు కూడా తేలేదు నేను. మొత్తం ఊడదీసి షాపుకి పట్టుకెళ్ళాలి. చెన్నై నుంచి మళ్ళీ తెప్పించాలి."

"ఎప్పటికి వస్తాయి?"

"పండగలు కదండి. దీపావళి దాటొచ్చు."

స్క్రూడ్రైవరు తీసి స్టాండు మర విప్పడం మొదలుపెట్టాడు. ఒక మర ఊడింది. పెద్దింట్లమ్మ కుండీల వైపు చూసింది. ఉబ్బిన చిగురు ముడి నిన్నటికంటే వాడినట్టు కనిపించింది. కిటికీ బయట మబ్బు కదల్లేదు. రెండో మర ఊడింది. దీపావళి దాకా చీకట్లో ఉండే మొక్కలు కావవి. ఆమెకి తెలుసు. తన అబద్ధం బరువు ఎంతో కూడా తెలుసు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముందూ తప్పయిందని అనలేదు, అందునా ఈ గొప్పలరాయుడి ముందు.

మూడో మర మీద చెయ్యి పెట్టాడు.

"ఆపు," అంది.

"ఏంటండి?"

"కరెంటు కాదు. నేను దండేశాను."

"దండా?"

"బంతిపూల దండ. నిన్న పూజకి. ఫ్యానుకి నార చుట్టుకుంది. గారెల దగ్గర ఉండి చూసుకోలేదు. ఇంక ఏమనుకుంటావో అనుకో, ముందు పని చూడు."

బ్రహ్మం స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఇక తిడతాడని ఆమె ఎదురుచూసింది. అతను దీపాన్ని తిరగేసి, ఎర్ర చుక్కల్ని ఒక్కొక్కటీ కిటికీ వెలుతురుకి పట్టి చూశాడు. దిమ్మ నడుమనున్న చుక్క పసుపు తిరిగి మాడి ఉంది.

"ఇదొక్కటే. దండ కింద ఇదే బాగా ఉడికింది. ఒకదాని వెనక ఒకటి కట్టినవి కాబట్టి ఇది పోతే వరసంతా ఆగింది." పోయినసారి ఇక్కడే వదిలేసిన అతుకు కాడా, ముద్దా వెతికి తెచ్చుకుని, ఆ చుక్కని దాటించి చిన్న తీగ అతికాడు. మిగిలినవాటి కింద ఎండిన తెల్లముద్ద గీకి, కొత్తది పూశాడు. "ఇప్పుడు వెయ్యండి."

ఆమె వేలు స్విచ్చి మీద కాసేపు ఆగింది. తరవాత నొక్కింది.

మాడిన చుక్క తప్ప ఎరుపంతా వెలిగింది. గది మళ్ళీ వంగపండు రంగయింది.

"ఈ మాట ఫోన్లోనే చెప్తే సామాను తెచ్చుకునేవాణ్ణి కదండి."

"ఫోన్లో చెప్తే మీ అత్తారింట్లో అందరికీ వినపడేది."

"మా షాపులోనూ పూజ చేశానండి. దండ గోడకి వేశాను."

"అది ముందు చెప్పొచ్చుగా. దిమ్మ గురించి అంత పాఠం చెప్పినోడివి."

బ్రహ్మం స్టాండుకి ఊడదీసిన మరలు మళ్ళీ బిగించాడు. గారెలు పెడితే తిన్నాడు.

ముసురు విడిచేదాకా మాడిన చుక్క కింద ఏ కుండీనీ ఉంచకుండా జరుపుతూ వచ్చింది. ఒక అంటు దక్కలేదు. రెండు దక్కాయి. మాఘంలో పసుపు మందారం మొదటిసారి పూసిన రోజున బ్రహ్మాన్ని భోజనానికి పిలిచింది.

అతను పువ్వు చూసి, "దీన్ని దీపానికి పెట్టాలండి వదినా, ధర్మంగా," అన్నాడు.

పెద్దింట్లమ్మ పువ్వు కోసి చంద్రరావు ఫొటోకి పెట్టింది.

"దానికి పూలు పడవు," అంది.