ఎవరూ కిందపడని సినిమా

మా ఊరి ఆడోళ్లు నన్ను సెన్సారోడు అంటరు. శుక్రారం కొత్త సినిమా వచ్చిందంటే ముందుగాల నేను పోయి చూసి రావాలె. శనారం పొద్దుగాల నీళ్ల ట్యాంకు కాడ నన్ను ఆపి, "ఏం సెన్సారన్నా, పాసా ఫేలా?" అని అడుగుతరు. నా దగ్గర రెండే మాటలుంటయి. పడుతరు, పడరు. హీరో ఎవడు, పాటలెట్లున్నయి, గవన్నీ నాకెందుకు? మనిషి పైనుంచి కిందవడే సీను ఉన్నదంటే నా లెక్కల ఆ సినిమా ఫేలు.

మొన్న వనపర్తిల ఒక పెద్ద హీరో సినిమా చూసిన. నేను గూడ్సాటో తోల్త. ఇటిక్యాల దిక్కు నుంచి పల్లికాయ సంచులు ఏస్కపోయి మార్కెట్ల దింపినంక మ్యాట్నీకి పోతే నన్ను ఆపేటోడెవడు? ఆ సినిమాల హీరో ఒక్క గుద్దు గుద్దితే నలుగురు గాల్లకు లేస్తరు. లేసినోళ్లు యాడ పడుతరో ఎవ్వడు పట్టించుకోడు. ఒకడు మేడ మీదినుంచి కారు మీద పడుతడు, కారు అద్దం పలుగుతది, జనం ఈలలేస్తరు. ఓరి మీ పాడుగాను, పడ్డోడు మనిషిరా! వానికి ఇంట్ల ఒక అక్కనో చెల్లెనో ఉండదా? హీరో మాత్రం ఐదో అంతస్తు నుంచి దూకి రెండు కాళ్ల మీద నిలబడుతడు. కండ్లద్దాలు సుత ఊడవు. ఈ సినిమాలు తీసేటోళ్లు ఎన్నడన్న ఐదో అంతస్తు అంచుకు నిలబడి కిందికి చూసిండ్రా?

ఇంకోటి పల్లెటూరి కథ. మన యాస పెట్టిండ్రు, మస్తుందని పోరగాండ్లు చెప్పిరి. పెట్టిండ్రు, కాదనను. ఒకప్పుడు మన మాట జోకరుకే ఇస్తుండిరి. ఇప్పుడు హీరోకిచ్చి, వాని చేతుల పొద్దుగూకులు సీసా పెట్టిండ్రు. మన మాట మాట్లాడాల్నంటే తాగాల్నా? సరే అని ఓర్చుకున్న. మంచిగ పోయి పోయి లాస్టుకు తండ్రిని బాయిల పడేసిండ్రు. ఇంకొకటైతే రెండు భాగాలంట. హీరోను కొండ మీదినుంచి తోసి, మిగతాది రెండో భాగంల చూడుండ్రని లైట్లేసిండ్రు. మనిషి నడిమి గాల్ల ఉండంగ లైట్లేసుడేంది? చెప్పు తీసి తెర మీద కొడదామన్నంత కోపమొచ్చింది.

నా భార్యకు సినిమా అంటే పానం. తల్లి లేని తమ్ముని ఆమెనే సాకింది. పెండ్లయి మా ఇంటికొచ్చిన దినం సుత వాన్ని చంకలేసుకోనే వచ్చింది. పేరుకే నాకు బామ్మర్ది, పెంచుకున్నది కొడుకు లెక్కనే. ముగ్గురం గద్వాలకు సినిమాకు పోతే నాదొక హీరో, వానిదొక హీరో. "బావా, మీ హీరోను మోకాళ్లకు జండూబాం రాసుకొమ్మను, డ్యాన్సుల కిర్రు కిర్రుమంటున్నడు" అంటుండె. నేను వాని హీరోను తిడుతుంటి. ఆమె నడిమిట్ల కూసోని ఇద్దరి తొడలు గిల్లుతుండె, నోరు మూస్కోని చూడుండ్రి అని.

పనిలేని దినాలల్ల వాడు, నేను పట్నం పోయి సెంట్రింగ్ పని చేసినం. వాడు పైన పలకలు కొడుతుండె. నేను కింద ఇసుక జల్లెడ పడుతుంటి. వాడు పైనుంచి పడ్డడు. నేను చూసిన. తలెత్తేసరికి వాడు గాల్ల ఉన్నడు. రెండు చేతులు సాపి ఉరికిన. పట్టుకుంటననుకున్న, పిచ్చోన్ని. జర దూరంల పడ్డడు. ఇంకో అడుగు ఏసి ఉంటే అందుతుండె అని ఇప్పటికీ అనిపిస్తది. అందినా ఏమయితుండెనో తెల్వదు.

ఇంటికి తెచ్చినంక చుట్టాలు ఎట్ల పడ్డడు, ఎట్ల పడ్డడు అని అడుగుతున్నరు. ఆమె నా మొఖం దిక్కు చూస్తుంది. చూసిన అంటే ఎట్ల పడ్డడో చెప్పాలె. చెప్తే ఈమె బతకదు అనుకున్న. "నేను చూడలే. చాయ్ తాగనీకి పోయిన. వచ్చేసరికే అయిపాయె" అన్న. ఒక్కసారి అన్న మాటను మల్ల మింగనీకి రాదు. అప్పటిసంది ఆమెకు ఏడుపొస్తే ఒక్కటే మాట. "మనోడు ఒక్కడన్న నీ పక్కన లేకపాయె గదరా తమ్ముడా." చర్చిల మోకాళ్ల మీద సుత అదే మాట. చాయ్‌కు పోయినందుకు నన్ను తిడుతుందనుకున్న. తిట్టనీ, నిజం ఇనేకన్న అదే నయ్యం అనుకున్న.

తర్వాత ఒకసారి పత్తి ఏరే ఆడోళ్లు ఆమెను బలిమిటికి సినిమాకు తోల్కపోయిండ్రు. ఫైటింగుల ఒకడు బిల్డింగు మీదినుంచి పడంగనే కేక పెట్టి కుర్చీల నుంచి జారిందంట. ఆటోల ఏస్కోని దవాఖానకు ఉరికిండ్రు. ఆ దినం నుంచి ఇంట్ల టీవీ మీద బట్ట కప్పింది. చేను, చర్చి, ఇల్లు. తింటది, పంటది, అడిగితే మాట్లాడుతది. నవ్వయితే లేదు. ఫోన్ల చూపియ్యి అని పోరగాండ్లు చెప్తరు. గాళ్లకేం తెలుసు? ఆమె నలుగురి నడుమ కూసోని, పక్కదాని భుజం మీద కొట్టి నవ్వేది. గా మనిషి మల్ల నాకు గావాలె. అంటే ఒక్క సినిమా దొరకాలె, ఎవరూ కిందపడనిది. గందుకే నాకీ సెన్సారు పని.

చూసుడు నాకేం సుఖం గాదు. తెర మీద ఎవడన్న పడంగనే నా చేతులు రెండూ వాటంతట అవే ముంగటికి లేస్తయి. ఒకసారి పక్క కుర్చీల పోరడు, "ఏంది పెద్దమనిషీ, క్యాచ్ పడుతున్నవా?" అని నవ్విండు. గప్పటిసంది చేతులు తొడల కింద పెట్టుకోని కూసుంట.

ఆఖరికి దొరికింది. నాగర్‌కర్నూల్‌ల ఒక చిన్న సినిమా. హీరో ఎవడో నాకు తెల్వదు. ఇద్దరన్నదమ్ములు ఒక కిరాణా దుకాణం కోసం కొట్లాడుకుంటరు, తోడికోడండ్లు ఆగమాగం చేస్తరు, లాస్టుకు అందరు ఒక్క కాడ కూసోని అన్నం తింటరు. ఎవ్వడు పడడు. అండ్ల ఒక పిల్లగాడు సైకిల్ నేర్చుకుంటడు, వాడు సుత పడడు. హాల్ల ముందు కుర్చీలన్ని ఖాళీ. నేనొక్కన్నే కండువ మూతికి అడ్డం పెట్టుకోని ఏడ్చిన, సంబరానికి. గద్వాలల సుత ఆడుతుందని తెలుసుకోని ఇంటికొచ్చి చెప్పిన.

"నిజంగ ఎవ్వరు పడరా?" అన్నది.

"నీ మీద ఒట్టు."

ఆదివారం చర్చి అయినంక పెట్టెల నుంచి ఆకుపచ్చ చీర తీసింది. ఆ చీర చూసి చాన దినాలాయె. ఆటోల నా పక్కకే కూసున్నది.

గద్వాలల హాలు ముంగట దిగితే ఏముంది, నా సినిమా పోస్టరు మీద ఇంకో పోస్టరు అంటిచ్చిండ్రు. జనం వస్తలేరని తీసేసి పెద్ద హీరోది ఏసిండ్రంట. వనపర్తిల నేను చూసినదే, కారు అద్దం పలిగేది. టికెట్లిచ్చేటోని మీదికి లేసిన. "మంచి సినిమా ఏస్తే ఈ ఒక్క దినం ఆగలేకపోయిండ్రా?" అన్న. "నా చేతుల ఏముందన్నా" అన్నడు వాడు. వాని మీద అరిసి ఏం లాభం?

"పోదాం పా, ఇంకోసారి వద్దాం" అన్న ఆమెతోని.

ఆమె కదల్లే. "వచ్చినం గద. చూద్దాం."

"అండ్ల పడుతరే."

"పడనియ్యి. ఎన్ని దినాలు దాస్తవ్?"

ఆ సీను ఇంటర్వెల్ అయినంక వస్తదని నాకెరుకే. ఇంటర్వెల్ల లెవ్వే, పోదామంటే లేవలే, బజ్జీలు తెమ్మన్నది. తెచ్చి ఒళ్లె పెట్టుకున్న. సీను దగ్గరికొచ్చింది. ఆమె కండ్లకు అడ్డం పెడదామని కండువ తీసి చేతుల పట్టుకున్న. మేడ అంచు కనబడ్డది. మనిషి జారిండు. నా చేతులు ఆమె దిక్కు పోలే. ముంగటికే సాపుకున్నయి, రెండూ, అరచేతులు పైకి పెట్టి. బజ్జీలు, కండువ కిందవడ్డయి.

హాలంత ఈలలు. కేక పెడుతదేమో, మల్ల జారుతదేమోనని ఆమె దిక్కు తిరిగిన. ఆమె తెర దిక్కు చూస్తలేదు. నా చేతులు చూస్తుంది.

"నువ్వు చాయ్‌కు పోలే" అన్నది.

"పోలే" అన్న.

"ఆడనే ఉంటివి."

"ఉంటి. పట్టనీకి ఉరికిన. అందలేడే."

"వాడు నిన్ను చూసిండా?"

"చూసిండు. బావా అన్నడు."

ఇగ తిడుతది, లేసి పోతది అనుకున్న. ఆమె కొంగు నోట్ల కుక్కుకోని ఏడ్చింది. ఎగపోసుకుంట ఏడ్చింది. "ఒక్కడే పోయిండనుకుంటి గదయ్యా," అన్నది. "అనాథ లెక్క, మనోడు ఒక్కడు లేని కాడ పోయిండని గన్ని దినాలు ఏడుస్తి. నిన్ను చూసే పోయిండా?"

"చూసే పోయిండు" అన్న.

నా చేతులు ఇంకా సాపే ఉన్నయి. రెండిటిని పట్టి తన ఒళ్లె పెట్టుకున్నది. ఆట ఇడిసిపెట్టేదంక ఇడువలే.