అతిథికి ఆకలి లేదట

1983 శీతాకాలంలో నేను అమెరికాలో నోవై అనే ఊరి దగ్గర కార్ల గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు మెషీన్ ఆపరేటర్‌ని. పగటి షిఫ్టులో ఫోర్‌మన్ ఉద్యోగం ఖాళీ అయింది. ఫోర్‌మన్ అంటే కిందివాళ్ల చేత పని చేయించి, పైవాళ్ల చేత మాటలు పడే అధికారి. దానికి తార్కిక ఆలోచన మీద రాతపరీక్ష పెట్టారు. నేనా, తొమ్మిదో తరగతిలోనే బడికి విడాకులిచ్చినవాణ్ణి. అయినా దరఖాస్తు చేశాను. నా భార్య రత్నం ఆసుపత్రిలో పగటి నర్సు. ఆమె ఇంటికొచ్చే వేళకు నేను పనికి బయలుదేరేవాణ్ణి. వారమంతా మా కాపురం ఇంటి ముందు డ్రైవ్‌వేలో, రెండు కార్ల కిటికీల మధ్య సాగేది. పాసైతే రోజూ కలిసి భోంచేయవచ్చు.

పరీక్షలో చిన్న పేరా ఇచ్చి, దాని కింద ఒక వాక్యం రాస్తారు. అది నిజమా, అబద్ధమా, చెప్పడానికి ఆధారం చాలదా అన్నది పేరాను బట్టే గుర్తించాలి. ఆదివారం చర్చి నుంచి రాగానే రత్నం నమూనా ప్రశ్నల పుస్తకం తెరిచి పాఠం మొదలుపెట్టేది.

మొదటి ప్రశ్నకే బోల్తాపడ్డాను. ఇంటికొచ్చిన అతిథి ఆకలి లేదన్నాడు. కింద వాక్యం: అతిథికి ఆకలిగా ఉంది. నేను ధీమాగా ‘నిజం’ అని పెట్టాను.

“లేదని ఆయనే చెప్తుంటే నిజమెలా అయ్యిందండీ?”

“అడగ్గానే తింటానంటాడా ఎవడైనా? మూడోసారి అడగమను, తెలుస్తుంది.”

“ఆయన మీ తెనాలి బాబాయ్ కాదు. పేరాలో ఉన్నదే చూడండి.”

“పేరాలో రెండోసారి అడిగినట్టే లేదు. ఏం మనుషులే వీళ్లు?”

రత్నం నవ్వాపుకోలేక పుస్తకం జారవిడిచింది.

ఆ తర్వాత ఇంట్లో తీర్పులన్నీ ఆ పద్ధతిలోనే. కూరలో ఉప్పెక్కువైందంటే, “ఒక్క ముద్దే తిన్నారు, ఆధారం చాలదు” అనేది. తను లావయ్యానా అని అడిగినప్పుడు ప్రాణభయంతో నేనూ అదే జవాబిచ్చాను.

అసలు పరీక్షలో ఇచ్చిన ఒక పేరాలో, ఒక పనివాడు వరుసగా మూడు రోజులు పనికి ఆలస్యంగా వచ్చాడు. అతను సోమరి అన్నది కింది వాక్యం. అప్పటికే నా బుర్రలో వాడి కారు మంచులో కూరుకుపోయింది, భార్యకు నొప్పులు కూడా మొదలయ్యాయి. ‘అబద్ధం’ వైపు పోతున్న పెన్సిల్‌ని బలవంతాన ‘ఆధారం చాలదు’ మీదికి మళ్లించాను.

బొటాబొటి మార్కులతో పాసయ్యాను. ఆసుపత్రికి ఫోన్ చేసి ఏమైందో ఊహించమన్నాను.

“ఊహించను. చెప్పండి.”

“సోమవారం నుంచి రాత్రి వంట ఇద్దరికీ.”

“అయితే మీరే వండండి.”

ఫోర్‌మన్‌గా నా మొదటి వారంలోనే ఒక మెషీన్ ఆగింది. ముగ్గురు మూడు కారణాలు చెప్పారు. నాలుగోది నా నోటిదాకా వచ్చింది. ఆపుకుని, ఎవరు ఏం చూశారో మాత్రం చెప్పమన్నాను. చూసినవాడు ఒక్కడే. అతను చూపించిన చోటే లోపం దొరికింది. చూసినదాన్నీ అనుకున్నదాన్నీ విడదీసి అడగడం నాకు ఆ పరీక్ష కోసం చదివినప్పుడే వచ్చింది. ఫోర్‌మన్ పనిలో సగం అదే.