బ్రహ్మచారి చెప్పిన వాన

మల్కాజ్‌గిరిలోని ఆ వీధిలో డాబాల మీద వడియాలు పెట్టాలంటే బ్రహ్మచారి అనే పెద్దాయన ఊఁ అనాలి. పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, కళ్లజోడు నుదుటికి తోసి, ఫోన్‌లో వాతావరణ రాడార్ బొమ్మను ముక్కుకు ఆనించుకుని చూస్తాడు. ఆయన మాట ఇంతవరకూ తప్పలేదు. ఆ ఏప్రిల్ ఉదయం రాడార్ బొమ్మలో చెరువు వైపు నుంచి ఒక మచ్చ ఉంగరంలా విచ్చుకుంటూ వచ్చింది.

"వాన షురూ అయితది! వడియాలు తియ్యుండ్రి!"

ఐదు డాబాలు ఖాళీ అయ్యాయి. మబ్బు తునక లేదు. "ఏందీ, గీ ఎండల వానా?" అని భార్య సుమిత్ర పకపకా నవ్వింది. ఆయన మొహం మాడిపోయింది. అంతలో ఉత్తరానికి తిరుగు ప్రయాణమైన గులాబీ గోరింకలు వేలకు వేలు గోలగోలగా నెత్తిమీదుగా సాగాయి. రాడార్‌కు చిక్కిన మచ్చ అదే! బ్రహ్మచారి గంతులేస్తూ చప్పట్లు కొడుతుండగా బట్టతల మీద టప్పున రెట్ట పడింది. తుడుచుకుని ఛాతీ విరిచాడు.

"చూసినవా? వడియాలు తియ్యకుంటే ఏమైతుండె!"