ఆయిల్ పాకం చూసిన అమ్మ

ఈ ఉదయం మా మనవడు తన పాత స్కూటరుకి ఆయిల్ మారుస్తూ, "చిక్కటిది పొయ్యాలా, పల్చటిదా?" అని ఎవరినో ఫోనులో అడుగుతున్నాడు. నా చెయ్యి దానంతటదే డబ్బా దగ్గరికి వెళ్లింది.

1930లలో ఏలూరు నుంచి చింతలపూడికి తిరిగిన బస్సులు ఎక్కినవాళ్లు, నాలాగా తొంభై దాటినా ఫోను వదలనివాళ్లు, ఈ గ్రూపులో ఇంకెవరైనా ఉన్నారా? గుర్తుందా, తల తిరిగేటంత పొగ వదిలే ముసలి బస్సు ఒకటి? అది మా నాన్నగారిదే. పల్చటి ఆయిల్ పోస్తే అంతా పొగైపోయేది. మరీ చిక్కటిది పోస్తే పొద్దున్నే ఇంజను ముందు హ్యాండిలు ఎంత తిప్పినా ఉలికేది కాదు. అది కదలకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

అందుకే నాన్నగారు కొట్టు నుంచి రకానికి కాస్త చొప్పున గిన్నెల్లో తెచ్చి, వంటింటి గడప మీద పెట్టేవారు.

"కాస్త చూసి చెప్పవే."

అమ్మ బెల్లం పాకం చూసినట్టే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసేది.

"ఇది తీగ రావట్లేదండీ. అదేమో మరీ ముదురు. ఈ గిన్నెలోది పొయ్యండి, మీ ముసలిదానికి సరిపోద్ది."

తర్వాత కుంకుడు రసంతో చేతులు ఎంత తోముకున్నా ఆ ఆయిల్ వాసన వదిలేది కాదు. ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి ముద్దలు పెట్టేది.

ఇవాళ నేనూ ఆయిల్ వేళ్ల మధ్య సాగదీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఏంటి నాయనమ్మా, అలా ఉండిపోయావు?" అన్నాడు మనవడు.

"ఆకలేస్తోందిరా," అన్నాను.