అల్లుడుగారి పొడుగు కట్టర్

ఆ షాపులో అందరికీ ఆవిడ పెద్దక్క. ఇరవై రెండేళ్లుగా లోహం కోస్తోంది. చేత్తో చక్రాలు తిప్పే పాత మిల్లింగ్ మిషన్ దగ్గర మొదలుపెట్టి, ప్రోగ్రాం ప్రకారం నడిచే సీఎన్‌సీ దాకా వచ్చింది. ఎవరి తప్పునైనా మొహంమీదే అనేస్తుంది. "ముక్కని పట్టి బిగించలేని ఈ వైసు కొన్న మహానుభావుణ్ణి దీన్ని తలుపుకి అడ్డం పెట్టుకోమనండి" అని ఒకసారి యజమాని ముందే అంది. కొన్నది ఆయనే.

అలాంటి మనిషి నోటికి తాళం పడింది. కారణం అల్లుడు.

అల్లుడు సీఎన్‌సీ ప్రోగ్రాములు రాస్తాడు. పెళ్లయిన ఆరు నెలలకి అతనికి ఇదే షాపులో ఉద్యోగం దొరికింది. ఏ కట్టర్ వాడాలో, అది ఎంత వేగంగా తిరగాలో అతను పైగదిలో కూర్చుని తేలుస్తాడు. కింద నిలబడి మిషన్ నడిపేది అత్తగారు. ఇంట్లో "ఇంకొంచెం వేసుకోండి బాబూ" అని కొసరి కొసరి వడ్డించే నోటితో, షాపులో "ఇదేం ప్రోగ్రాం!" అని ఎలా అనడం?

ఇంతలో కొత్త పని వచ్చింది. ఆసుపత్రిలో మందు ఎక్కించే పంపుకి అల్యూమినియం పెట్టె. లోతు అరవై మిల్లీమీటర్లు, గోడల మందం రెండే రెండు. అల్లుడు పైనుంచి అడుగు దాకా ఒకే కట్టర్ ఎంచాడు. సన్నగా, పొడుగ్గా, నాలుగు అంచులది. హోల్డర్‌లో బిగిస్తుండగానే ఆవిడకి అర్థమైపోయింది. అంత పొడుగ్గా బయటికి పొడుచుకొచ్చిన కట్టర్ వణక్క మానదు. పైగా నాలుగు అంచుల మధ్య సందు ఇరుకు. మెత్తటి అల్యూమినియం తునకలు అందులో ఇరుక్కుని అతుక్కుపోతాయి.

"బాగుందా అత్తయ్యా?" అని మెట్లమీంచి అడిగాడు అల్లుడు.

"మీరు ఎంచారంటే ఇంకేం బాబూ!"

పక్కనే కొలతలు చూసే ఆయన చేతిలో గ్లాసులోంచి టీ ఒలికింది. పెద్దక్క అలా మాట్లాడగా ఆయన ఎన్నడూ వినలేదు.

మొదటి పెట్టె కోస్తున్నంతసేపూ మిషన్ కీచుమంటూ చెవులకి చిల్లులు పొడిచింది. గోడలు అలలు అలలుగా తేలాయి. ఆవిడ కట్టర్ ముందుకు జరిగే వేగం తగ్గించి రెండోది ఎక్కించింది. ఈసారి కట్టరే ఫట్‌మని విరిగింది. అల్లుడు మొహం చిన్నబుచ్చుకుని పైకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం వంటింట్లో కూతురి దగ్గర బయటపడింది ఆవిడ. "మింగలేక కక్కలేక చస్తున్నానే."

కూతురు పడీపడీ నవ్వింది. "ఆయనా ఇందాక ఇదే గోల. 'మీ అమ్మ మొహం చూస్తే ఏదో తప్పుందని తెలుస్తోంది, అడిగితే పని రాని అల్లుడనుకుంటుందేమో' అని. మీ ఇద్దరి మర్యాద తగలెయ్య!"

మర్నాడు షాపు తెరవగానే ఆవిడ తిన్నగా మెట్లెక్కింది.

"బాబూ, ఇంట్లో మీరు అల్లుడుగారు. ఇక్కడ ఆ ఎనిమిది గంటలూ నాకు అల్లుడు లేడు. మీ కట్టర్ దండగ."

అతను ఊపిరి పీల్చుకుని కుర్చీ లాగాడు. "హమ్మయ్య. కూర్చోండి. ఏం చేద్దాం?"

ఆవిడ చెప్పింది. సగం లోతు దాకా పొట్టిగా, లావుగా ఉన్న మూడంచుల కట్టర్‌తో ఖాళీ చెయ్యాలి. పొడుగుది అడుగుకీ మూలలకీ మాత్రమే. గోడల్ని ఒకేసారి పలచన చెయ్యకూడదు. లోపల కాస్త, బయట కాస్త కోస్తూ పైనుంచి మెట్టుమెట్టుగా దిగాలి. అప్పుడు కింద మిగిలిన మందమే పైగోడకి దన్ను.

అతను అంతా రాసుకుని, తల గోక్కున్నాడు. "మరి నేనొకటి అనొచ్చా? కీచుమనగానే మీరు ఫీడు, అదే కట్టర్ ముందుకెళ్లే వేగం, బాగా తగ్గించేస్తున్నారు. అప్పుడు అంచు కొయ్యదు అత్తయ్యా, రుద్దుతుంది. వేడెక్కి అల్యూమినియం ఇంకా అతుక్కుంటుంది. పక్కనుంచి ఒక్కోసారి కొంచెమే కోస్తూ, ఫీడు పెంచి చూద్దాం."

"పెంచడమా? నా కట్టర్ విరిగితే?"

"నాదే తప్పని ఊరంతా చాటండి."

ఆవిడ ఒక చెయ్యి ఆపే బటన్ మీదే పెట్టుకుని మిషన్ వదిలింది. తునకలు పొట్టిగా, తళతళలాడుతూ ఎగిరిపడ్డాయి. మిషన్ హాయిగా గుర్రుమంది. పెట్టె తీసి తుడిస్తే అద్దంలాంటి గోడలో ఆవిడ ముక్కుపుడక కనిపించింది. కొలతలాయన మూడుసార్లు కొలిచి, ఒప్పుకోక తప్పక తలూపాడు.

"ఫీడు సంగతి నాకిన్నాళ్లూ తట్టలేదు సుమా" అంది ఆవిడ.

ఆ పూట నుంచి ఏ ప్రోగ్రామైనా ఇద్దరూ కలిసి చూశాకే మిషన్ ఎక్కుతోంది. చూడటం అంటే అరుచుకోవడమే. "అంత లోతా? మతుండే రాశారా?" అని ఆవిడ, "ముందు పూర్తిగా వినండి అత్తయ్యా!" అని అతను. నాలుగు రోజులు విన్న యజమాని కంగారుపడి ఆవిడ కూతురికి ఫోన్ చేశాడట.

"ఇంట్లో ఏమన్నా గొడవలా అమ్మా?"

"లేదండీ, ఇప్పుడే కాస్త కలిసిపోయారు" అందిట కూతురు.